ఏడు కీర్తనల నీళ్ళు

మా నాయన తెప్ప మీద సముద్రంలోకి పోయినోడు. వాళ్ళ నాయనా అంతే. నన్ను మాత్రం మూడో తరగతిలో బడి మానిపించి తెప్ప ఎక్కిస్తే, మొదటి అల దాటకముందే కక్కినాను. రెండేండ్లు చూసినారు. మా ఊరు మైపాడు మొత్తానికి నేనొక తమాషా అయిపోయినాను. "పోలయ్య కొడుకు వస్తా ఉండాడ్రా, చేపలకు మేత దొరికింది" అనేవాళ్ళు. పదమూడో ఏట ఊరొదిలి నెల్లూరికి వచ్చి, జకరయ్య మేస్త్రి దగ్గర పైపుల పనికి చేరినాను. నీళ్ళు మాత్రం నన్ను వొదల్లేదు.

ఇరవై ఏడేండ్లు ఆయన పానాలు మోసినాను. గోడ తొలిచింది నేను, పైపుకు మర కోసింది నేను, మోకాళ్ళ లోతు బురదలో కూర్చున్నది నేను. పేరు మాత్రం జకరయ్య మేస్త్రిది. నా పేరు చిన్నపోలయ్య అని కూడా శానామందికి తెలీదు. "మేస్త్రి మనిషి" అనేవాళ్ళు.

పందొమ్మిది వందల అరవై మూడులో, నా నలభయ్యో ఏట, నాకంటూ మొదటి పని దొరికింది. ఒక మిషన్ ఆడపిల్లల బడి. దాని హాస్టల్ స్నానాల గదుల్లో ఆరు కొళాయిలు మార్చాలి. పాతవి ఉప్పుగాలికి చిలుం పట్టి, తిప్పితే చేతికి ఊడొచ్చే మాదిరి ఉండినాయి. కొత్తవి నికిలు పూత వేసినవి, మొహం కనపడేటంత తళతళలాడేవి. బడి కరస్పాండెంటు ఆనందబాబు గారు వాటిని నా చేతిలో పెడతా ఒక మాట అన్నారు.

"ఈ ఆరూ సరిగా బిగించు చిన్నపోలయ్యా. అవతల కొత్త హాస్టల్ మేడ లేస్తా ఉంది కదా. దాని పైపుల పని జకరయ్యకా, నీకా అనేది దీన్ని బట్టి చూస్తాం."

నన్ను పేరు పెట్టి పిలిచినాడు. ఆ పొద్దు నాకు ఆ మాటే కడుపు నింపింది.

ఆ హాస్టల్ ఒంటి మిద్దె. పైకి మెట్లు లేవు, వెనక గోడకు ఇనుప నిచ్చెన ఒకటి. మిద్దె మీద సిమెంటు తొట్టి. మోటారు లేదు. పెరట్లో బావి మీద చేతిపంపు ఉండేది. దాని పిడి పట్టుకుని ఆడిస్తే నీళ్ళు పైపులో పడి మిద్దెకెక్కేవి. ఆ పిడి ఆడించే మనిషి నవోమక్క. మొగుడు పోయినాక మిషనోళ్ళు ఆమెకు ఆ పని ఇచ్చి, వంటశాల పక్కన ఒక గది ఇచ్చినారు. పంపు ఆమె చేతిలో ఉన్నన్నాళ్ళే ఆ గది ఆమెది.

నవోమక్కకు చదువు రాదు. నూరు దాటి లెక్క పెట్టలేదు. అందుకని కీర్తనలు పెట్టుకునింది. పిడి కిందికొక దెబ్బ, పైకొక దెబ్బ, పాదానికి ఎనిమిది దెబ్బలు. ఏడు కీర్తనలు ముగిసేసరికి తొట్టి అంచుకు ఒక బెత్తెడు తక్కువగా నిండేది. ముందు నింపాదిగా ఉండేవి పాడేది. భుజం పీకే వేళకు జోరుగా ఉండేవి అందుకునేది. నాలుగో కీర్తన మొదలైతే పిల్లలు పళ్ళు తోముకోను లేచేవాళ్ళు. ఆ హాస్టల్‌కు గంట ఉండింది గానీ దాంతో ఎవురికీ పని లేదు.

నేను పనికి పోయిన రోజు ఆమె ఆఖరి రెండు కీర్తనలు పాడేది విన్నాను. నిండినాక తొట్టి కింద వాల్వు చూస్తే, తుప్పు పట్టి కదల్లేదు. గట్టిగా తిప్పితే విరిగేదే. అది మూతపడకుండా కొళాయిలు ఊడదీస్తే తొట్టి అంతా స్నానాల గదుల్లో పారుతుంది. పద్ధతి ప్రకారం అయితే తొట్టి ఖాళీ చేసి, వాల్వు మార్చి, అప్పుడు కొళాయిల మీద చెయ్యి వేయాల. ఆ మాటే నవోమక్కతో చెప్పినాను.

"ఖాళీ చేస్తావా?" అని ఆమె పంపు పిడి మీద చెయ్యేసి నిలబడింది. "పొద్దున్నే ఏడూ పాడి నింపినా గదన్నా. ఇదంతా కానగచెట్టుకు పోసి, సాయంత్రం మళ్ళీ నా చేత పాడిస్తావా? కానగచెట్టుకు బాప్తిస్మం ఇచ్చేదానికి వచ్చినావా, కొళాయిలు పెట్టేదానికి వచ్చినావా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె భుజం ఒకటి కిందికి వాలిపోయి ఉండింది, పంపు వల్ల. అది చూసి జాలి కూడా పడినాను. నేను జాలిపడడం తక్కువ. పడిన ఆ ఒక్కసారి ఏమైందో చెప్పేదానికే ఇదంతా రాస్తా ఉండాను.

"నీ కీర్తనలు నేలపాలు చెయ్యన్లే అక్కా" అన్నాను.

చేపలు పట్టే మా పట్టపోళ్ళు నడిసముద్రంలో పడవకు చిల్లి పడితే వల బెండు ఒకటి చెక్కి ఆ చిల్లిలో దిగ్గొట్టి ఇల్లు చేరతారు. వల నీళ్ళలో తేలేదానికి కట్టే తేలిక కట్టె ముక్క అది. తడిస్తే ఉబ్బి బిర్రుగా పట్టుకుంటుంది. సముద్రం నన్ను తోసేసినా, ఆ బెండు ముక్కలు రెండు మూడు ఎప్పుడూ నా సంచిలో ఉండేవి. జకరయ్య మేస్త్రి చూస్తే "చేపలోడి బుద్ధి" అని ఎగతాళి చేసేవాడు. ఏ పైపు మేస్త్రీ చేయని పని అది. నేను చేసినాను. బెండును వేలెడు పొడుగున చెక్కి, దానికి వల దారం కట్టి, చొక్కా విప్పి, నిండు తొట్టిలో భుజం దాకా చెయ్యి ముంచి, అడుగున ఉన్న పైపు నోట్లో దిగ్గొట్టినాను. కింద కొళాయిలు చుక్క రాలకుండా ఆగిపోయినాయి.

మధ్యాహ్నం నవోమక్క నిన్నటి చేపల పులుసుతో ఇంత అన్నం పెట్టింది. "పట్టపోడివి, కక్కకుండా తిను" అనింది. నా సంగతి నేనే చెప్పి ఉండినాను, ఎందుకో. మైపాడులో ఆ మాట వింటే రాయి తీసుకునేవాణ్ణి. ఆమె అంటే తిన్నాను.

సాయంత్రానికి ఆరు కొళాయిలూ మరలకు జనపనార చుట్టి, నీళ్ళు కారకుండా సఫేదా పూసి, బిగించినాను. మిద్దెక్కి దారం పట్టి లాగితే బెండు రాలేదు. బాగా ఉబ్బింది. రెండు చేతులా పట్టి గుంజినాను. ఊడొచ్చింది. చూడకుండానే సంచిలో పడేసినాను. కొళాయిలు తిప్పితే గాలి కక్కినాయి, కొంచెం నీళ్ళు కక్కినాయి. "కొత్త కొళాయి మొదట్లో అట్నే దగ్గుతుంది" అని ఇంటికి పోయినాను.

తెల్లారి సంచి దులుపుతా ఉంటే ఆ బెండు నేల మీద పడింది. దారం ఉండాది, బెండు సగమే ఉండాది. చెరుకు గడ విరిచినట్టు ముక్క విరిగి ఉంది. మిగతా సగం యాడుండాదో నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేదు. పైపు నోరు దాటి, మిద్దె దిగే మలుపులో అడ్డం పడి ఉంటుంది.

ఆ ముక్క చేతిలో ఉండగానే బడి వాచ్‌మన్ పోలేరయ్య సైకిలు దిగినాడు.

"వార్డెన్ అమ్మగారు రమ్మంటా ఉన్నారు అన్నో. నీ కొళాయిలు చూసేదానికి రాజాలా ఉండాయి, పోసేది మాత్రం ముసలోడి ఉచ్చ మాదిరి ఉండాది. పిల్లకాయలు బొక్కెనలు పెట్టుకుని బారుగా నిలబడుండారు."

దారిలో నేను అనుకున్నది ఇదీ: పోతానే చెప్పేస్తాను. బెండు విరిగిందమ్మా, మలుపు విప్పి తీస్తాను, ఒక పూట పని. దేవుడి సాక్షిగా అట్టానే అనుకున్నాను. నాకు దేవుడంటే అంత నమ్మకం లేకపోయినా.

పోయేసరికి హాస్టల్ వెనకాల వార్డెన్ ప్రేమలీల గారు, పక్కన ఆనందబాబు గారు నిలబడుండారు. ప్రేమలీల గారు తెల్ల చీర, కళ్ళద్దాలు. గొంతు పెంచకుండానే పిల్లల్ని వణికించే మనిషి. లోపల కొళాయి కింద బొక్కెన టక్ టక్ అని మోగతా ఉండింది.

"ఏమయ్యా, వీటికంటే పాతవే నయమంటా ఉన్నారు పిల్లలు" అన్నారు ఆనందబాబు గారు. నన్ను చూడకుండా ఆమె వైపు తిరిగి, "జకరయ్యను ఒకసారి పిలిచి చూపిద్దామా అమ్మా?" అన్నారు.

ఆ పేరు వినేసరికి నా గొంతులో ఉన్న మాట వెనక్కి పోయింది. ఇంకో మాట వచ్చింది.

"కొళాయిల్లో లోపం ఏం లేదయ్యా. తొట్టి నిండడం లేదేమో. పైన నీళ్ళు ఎత్తుగా ఉంటేనే గదా కింద జోరు."

గడువు కోసం అన్న మాట అది. నోటికొచ్చింది, అన్నాను. దాని వెనకాల ఒక మనిషి ఉందని ఆ క్షణాన నాకు తట్టలేదంటే నమ్ముతారో లేదో.

పంపు దగ్గర బట్టలు పిండతా ఉండిన నవోమక్క చేతులు తుడుచుకుంటా వచ్చింది.

"ఏంది? తొట్టి నిండలేదా? ఏడూ పాడినా అమ్మగారూ. నిన్న సాయంత్రం ఇంకో రెండు ఎక్కువే పాడినా, కొత్త కొళాయిలని."

"నాకు నాలుగో కీర్తన దాకానే వినపడింది" అన్నారు ప్రేమలీల గారు.

"మీరు అప్పుడు ప్రార్థనకు పొయ్యుంటారమ్మా."

"ఏడూ పాడినానని కీర్తనల మీద ఒట్టేసి చెప్తా ఉండావు, నవోమీ."

"కీర్తనల మీదే చెప్తా ఉండా." ఆమెకు కోపం రాలేదు. నా వైపు చెయ్యి చూపించి నవ్వింది. "ఎక్కి చూడమనండి. చిన్నపోలన్న చూసి చెప్తాడు. అమ్మగారూ, ఇప్పుడు పైనుంచి చూసేది ఇద్దరే: దేవుడూ, ఈ అన్నా. దేవుడు నోరు తెరిచి చెప్పడు. అన్న ఏం చెప్తే దానికి నేను కట్టుబడి ఉంటా."

ఆనందబాబు గారు కూడా నవ్వినారు. నేను నిచ్చెన ఎక్కినాను.

తొట్టి మూత జరిపే పని కూడా లేకపోయింది. నీళ్ళు అంచు మీదుగా పొర్లి, సున్నం మిద్దె మీద మడుగు కట్టి ఉండినాయి. ఒక కాకి ఆ మడుగులో నిలబడి తాగతా ఉండింది. మిగిలినవి అవతలి పక్క తూము గుండా కానగచెట్టు మొదట్లోకి, చప్పుడు కాకుండా కారిపోతా ఉండినాయి. కిందున్న వాళ్ళకు అటువైపు కనపడదు. కిందికి పోయే దారి నేను మూసేస్తే, ఆమె పోసిన నీళ్ళు యాడికి పోతాయి?

"ఎంతుందయ్యా?" అని కిందినుంచి ఆనందబాబు గారు.

పిట్టగోడ మీదుగా వంగి చూసినాను. ముగ్గురూ తలెత్తి నన్నే చూస్తా ఉండారు. నవోమక్క ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉండింది. ఆమె నవ్వు ఇంకా అట్నే ఉండింది.

"సగం" అన్నాను. "సగానికి తక్కువే."

ఆమె నవ్వు వెంటనే పోలేదు. నేను ఎగతాళికి అన్నాననుకునింది.

"అన్నా, సరిగా చూడు" అనింది.

"చూసినా అక్కా."

అప్పుడు పోయింది. కళ్ళ మీది చెయ్యి దించింది. నేను దిగేదాకా నిచ్చెన వైపే చూసింది, దిగినాక మళ్ళీ నా వైపు చూడలేదు.

ప్రేమలీల గారు గొంతు పెంచలేదు. "భుజం నొప్పి అని చెప్పుంటే ఇంకొకర్ని తోడు పెట్టేదాన్ని నవోమీ. నీకు నేను ఎప్పుడైనా కాదన్నానా? కీర్తన పేరు చెప్పి అబద్ధమాడినావు చూడు, పిల్లలుండే చోట, అది మాత్రం నేను సహించలేను" అన్నారు.

నవోమక్క ఏదన్నా అంటుందని చూసినాను. తిట్టి ఉంటే, నేనూ తిరిగి తిట్టి, అంతటితో చల్లారేవాణ్ణి. ఆమె ఏమీ అన్లేదు. అన్న ఏం చెప్తే దానికి కట్టుబడతానని అనింది కదా. కట్టుబడింది.

నేనొక లెక్క వేసుకున్నాను. ఇయ్యాలకు తిట్లు పడతాయి. రేపు పొద్దున్నే వచ్చి, వాల్వు మారుస్తానని చెప్పి, ఆ మలుపు విప్పి, బెండు ముక్క తీసేస్తాను. నీళ్ళు జోరుగా వస్తాయి. తొట్టిలో ఏదో చెత్త అడ్డం పడిందమ్మా, పాపం నవోమక్క తప్పేం లేదు, అని నేనే చెప్తాను. అందరూ బాగుంటారు. చెడ్డపని చేసిన ప్రతివాడూ ఇట్టాంటి రేపు ఒకటి పెట్టుకుంటాడు.

ఆ రేపు పోయేసరికి వంటశాల పక్క గదికి తాళం వేసి ఉండింది. పంపు దగ్గర పోలేరయ్య చొక్కా విప్పి పిడి ఆడిస్తా ఉండినాడు.

"ఆమె యాడ?" అన్నాను.

"సాయంత్రమే పోయింది అన్నో. చిట్టమూరులో తమ్ముడుండాడంట. ఒక రేకు పెట్టె, ఒక చాప, గుడ్డలో చుట్టిన బైబులు. చదవను రానోళ్ళకు బైబులెందుకని అడిగితే, 'బరువు తెలుస్తుందిలే' అనింది." పిడి వొదిలేసి చెయ్యి దులుపుకున్నాడు. "ఇదేం పంపయ్యా, రెక్కలు ఊడొస్తా ఉండాయి. ఆడమనిషి ఎట్టా ఆడించిందో."

నేను తొట్టి ఖాళీ చేసినాను. నీళ్ళన్నీ కానగచెట్టుకే పోయినాయి. మలుపు విప్పితే బెండు ముక్క ఉబ్బి, నల్లబడి, నీళ్ళలో నానిన వేలు మాదిరి బయటికొచ్చింది. జేబులో వేసుకున్నాను. వాల్వు కొత్తది వేసినాను. పోలేరయ్య మళ్ళీ ఇంత నింపినాడు. కింద కొళాయి తిప్పితే నీళ్ళు బొక్కెన అడుగును గుద్ది పైకి చిమ్మినాయి. పిల్లలు కేకలు పెట్టినారు.

ప్రేమలీల గారు వచ్చి చూసినారు. నా నాలుక మీద ఆ మాట ఉండింది. చెత్త అడ్డం పడిందమ్మా, నవోమక్క తప్పు లేదు. నోరు తెరిచినాను కూడా. అంతలో ఆమే అన్నారు:

"చూసినావా చిన్నపోలయ్యా. ఆమె అటు పోయింది, ఇటు నీళ్ళు వచ్చినాయి. నాకు మనసులో కొంచెం పీకతా ఉండింది, తొందరపడినానేమోనని. ఇప్పుడు నిమ్మళంగా ఉంది."

"అవునమ్మా" అన్నాను.

సగం అన్నది భయంలో అన్న మాట. ఈ అవునమ్మా అన్నది భయంలో కాదు. నీళ్ళు జోరుగా వస్తా ఉండినాయి, కొత్త మేడ నాదేనని తెలిసిపోయి ఉండింది, గాలి కూడా చల్లగానే ఉండింది. అంతా బాగుండి అన్న మాట అది.

కొత్త మేడ పని నాకే ఇచ్చినారు. జకరయ్య మేస్త్రి ఒకరోజు వచ్చి గోడలు చూసి, "బాగానే కోసినావురా మరలు" అని పోయినాడు. ఇరవై ఏడేండ్లు ఆ మాట కోసం కాచుకున్నాను. వచ్చినాక దాన్ని యాడ పెట్టుకోవాలో తెలీలేదు. బెండు ముక్కలు రెండూ ఇంట్లో గూట్లో పెట్టినాను. మా ఆడమనిషి కామమ్మ పొయ్యిలోకి వాటిని తియ్యబోతే కసిరినాను. "బంగారమా ఏంది?" అనింది. పారేయలేను, చూడలేను. ఎందుకు దాచుకున్నానో అప్పట్లో నాకే తెలీదు.

డిసెంబరు వచ్చింది. వానలు పట్టుకున్నాయి. కొత్త మేడ కింది అంతస్తులో పైపులు బిగిస్తా ఉండాను. పక్క హాల్లో పిల్లలు క్రిస్మసు పాటలు నేర్చుకుంటా ఉండినారు. ఉన్నట్టుండి వాటి మధ్యలో ఒక కీర్తన మొదలు పెట్టినారు. నవోమక్క పాడే ఏడింట్లో ఆరోది. నేను ఆమె దగ్గర పనిచేసింది ఒక్క రోజు, విన్నది ఒక్కసారి, కానీ గుర్తుపట్టినాను. ఇంకో సంగతి కూడా గమనించినాను. పిల్లలు దాన్ని హార్మోనియం మీద నేర్చుకున్నట్టు పాడ్డం లేదు. పాదానికి ఎనిమిది చోట్ల ఊపిరి బిగబట్టి నొక్కి పాడతా ఉండారు, పంపు దెబ్బలు పడినట్టు. అన్నేండ్లు పొద్దున్నే పక్కల మీద పడుకుని ఆమె గొంతులోనే కదా విన్నారు. పాటల టీచరమ్మ "అట్టా కాదు, అట్టా కాదు" అని బల్ల కొడతా ఉండింది. వాళ్ళకు ఇంకోలా రావడం లేదు.

పానా కింద పెట్టి ఇంటికి పోయినాను. గూట్లోంచి రెండు ముక్కలూ తీసుకుని, వానలో తడుస్తానే తిరిగొచ్చి, ప్రేమలీల గారి గది ముందు నిలబడినాను.

"ఏమిటయ్యా?" అన్నారు.

రెండు ముక్కలూ ఆమె బల్ల మీద పెట్టి, విరిగిన చోట కలిపి చూపించినాను. అతుకు తెలీకుండా కలిసినాయి. మొదట్నుంచి చెప్పినాను. వాల్వు సంగతి, బెండు సంగతి, తొట్టి పొర్లిన సంగతి, కాకి సంగతి. నేనేం ఏడవలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పినాను.

ఆమె ఆ ముక్కల్ని తిప్పి చూసినారు. "ఇవి కట్టె ముక్కలు. ఇవి చూసి నేనేం నమ్మాలి? అప్పుడూ నీ మాట నమ్మినాను" అన్నారు.

ఆమె లేచి, గొడుగు కూడా తీసుకోకుండా వెనక్కి నడిచినారు. చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నిచ్చెన పట్టుకున్నారు. యాభై దాటిన మనిషి. పోలేరయ్య "అమ్మా, జారతాది, వొద్దమ్మా" అని పరిగెత్తుకొచ్చినాడు. ఆమె వినలేదు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి ఎక్కినారు. వెనకాలే నేనూ ఎక్కినాను.

తొట్టి మూత నేను జరిపినాను. నీళ్ళు సగమే ఉండినాయి. పోలేరయ్య ఏ రోజూ అంతకు మించి పోసినవాడు కాదు. గోడకు సగం ఎత్తున పాచి గీత పడిపోయి ఉండింది.

"పోలేరయ్యా, కొళాయి తిప్పు" అని ఆమె పైనుంచి కేకేసినారు.

కింద బొక్కెనలో నీళ్ళు దబదబా పడే చప్పుడు వాన చప్పుడును దాటి వినిపించింది.

"సగం తొట్టికి ఇంత జోరా?" అన్నారు.

"మిద్దె ఎత్తే చాలమ్మా. తొట్టిలో బెత్తెడున్నా ఇదే జోరు. ఆ పొద్దు నేను చెప్పిన ఎత్తు కథ అబద్ధం. మీకు తెలీదని చెప్పినా."

ఆమె కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. కొంగూ తడిసే ఉండింది. "ఆ రోజే ఎక్కి ఉండాల్సింది నేను. నిచ్చెన ఎక్కడం నా మర్యాదకు తక్కువని నిన్నెక్కించినాను" అన్నారు. నన్ను తిట్టకపోతే నాకు శిక్ష తప్పుతుందనుకున్నాను. కాదు.

కొత్త మేడ పని ఏమవుతుందని నేను అడగలేదు. ఆనందబాబు గారితో మాట్లాడతానని ఆమే అన్నారు. మర్నాడు ఒక కవరు నా చేతిలో పెట్టినారు. లోపల ఒక ఉత్తరం, వంటశాల పక్క గది తాళం చెవి.

"నేనూ పోవాలి, పోతాను. కానీ ముందు నువ్వు. ఆమెకు చదవడం రాదు. నువ్వే చదివి వినిపించు."

"నాది మూడో తరగతమ్మా. చేతిరాత..."

"కూడబలుక్కో" అన్నారు.

చిట్టమూరు బస్సు దిగేసరికి వాన తెరిపిచ్చి, పొద్దు నడినెత్తికొచ్చింది. దారికి రెండు వైపులా పొలాల్లో నాట్లు పడతా ఉండినాయి. సమాధానం అనే నవోమక్క తమ్ముడి ఇల్లు అడిగితే, చూపించిన ముసలామె, "ఎవురు, బడిలో అబద్ధమాడి వచ్చేసినామె తమ్ముడా?" అనింది. నేను చిట్టమూరు చేరకముందే నా మాట చేరి ఉండింది.

నవోమక్క అప్పుడే నాట్ల నుంచి వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా బురద. వాకిట్లో నిలబడి నన్ను చూసింది. చిక్కింది. భుజం ఇంకా వాలింది.

"ఎట్టొచ్చినావు పట్టపోడా? బస్సులో కక్కలేదా?" అనింది. నవ్వలేదు.

"అక్కా, నేను..."

"నువ్వు చెప్పబాకు" అనింది. "నువ్వు చెప్పేది నాకు తెలుసు. నువ్వు నిచ్చెన దిగేటప్పుడు నీ కాళ్ళు చూసినా. మడమల దాకా తడిసుండాయి. సగం తొట్టి మిద్దె మీద కాళ్ళెట్టా తడుస్తాయి?"

నాలుగు నెలలుగా, నేను కావాలనే అబద్ధమాడినానని ఆమెకు తెలీదనే అనుకుంటా ఉండాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు ఏం చెప్తే దానికి కట్టుబడతానని అనుంటిని గదా. ఒకరి మీద ఒట్టేసినాక వాళ్ళ కాళ్ళు చూపించి తప్పించుకుంటే, అది ఒట్టేంది?" గడప మీద కూర్చునింది. "ఇక్కడ గుళ్ళో నన్ను పాడమనడం లేదు. అంతకుముందు ఎప్పుడొచ్చినా పాడమనేవాళ్ళే. ప్రార్థన చేయించే అయ్యగారు నన్ను చూస్తే కళ్ళు దించుకుంటారు. నేనూ నోరు తెరవలేదు. ఆ చేతిలో కాగితం ఏంది?"

"అమ్మగారి ఉత్తరం. నన్నే చదవమన్నారు."

ఆమె లోపలికి తిరిగి, "సమాధానం, బయటికి రా. పక్కింటి పెంచలమ్మను పిలు. ఎదురింటోళ్ళనూ పిలు. అయ్యగారు ఉంటే ఆయన్నూ రమ్మను" అనింది.

వాకిలి నిండింది. దారి చూపించిన ముసలామె కూడా వచ్చి నిలబడింది. నేను కాగితం విప్పినాను. ప్రేమలీల గారిది గొలుసుకట్టు రాత, వొత్తులన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉంటాయి. ఒక్కో అక్షరం వేలుతో పట్టుకుంటా చదివినాను. నవోమి ఏ అబద్ధమూ ఆడలేదని, ఆమె ఏడు కీర్తనలూ పాడిందని, తొట్టి నిండి పొర్లిందని, పైపులో బెండు ముక్క విరగ్గొట్టి, నిండు తొట్టిని సగమని చెప్పింది కొళాయిల పని చేసిన చిన్నపోలయ్య అని, చూడకుండా నమ్మింది తాననీ. గది తాళం ఇందులో పెట్టినాననీ, పంపుకు తోడు మనిషిని కూడా పెట్టినాననీ, క్షమించమనీ.

నా పేరు దగ్గర రెండుసార్లు తడబడినాను. నా పేరు నాకు బాగానే చదవను వస్తుంది. అయినా తడబడినాను.

నవోమక్క చెయ్యి చాచి తాళం చెవి తీసుకుని, కొంగున ముడేసుకునింది. ముడి రెండుసార్లు బిగించింది.

"ఇంకోసారి చదువు" అనింది.

చదివినాను. ఈసారి వెనకాలొచ్చిన వాళ్ళు "ఏమని, ఏమని?" అంటే పెంచలమ్మ "ఉండండి, వినపడనీయండి" అని కసిరింది. అయిపోయినాక తలెత్తినాను. బస్సు పొగ, ఎండ, ఇంతమంది కళ్ళు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

గుడి అయ్యగారు అప్పుడే గేటు తీసుకుని లోపలికి వస్తా ఉండినారు. నవోమక్క ఆయన్ను చూసింది, నన్ను చూసింది.

"మళ్ళీ" అనింది.

"అక్కా, కాసిని నీళ్ళు ఇయ్యక్కా."

"ఇస్తా" అనింది. "ముందు చదువు."